తిరిగి పోమన్నవారు

ఒక యూరిలో మనుష్యులను చంపిరని విన్నప్పుడు మన యిండ్లలో మొదట వినబడు ప్రశ్న "ఎంతమంది?" అనునది. రెండవది "ఎందుకు?" అనునది. మూడవ ప్రశ్నను నాలుగైదు దినములు గడచిన పిమ్మట, వార్తాపత్రిక మడచి ప్రక్కన పెట్టుచు అడుగుదుము: "ఇప్పుడు సద్దుమణగినదా?" ఈ మూడవ ప్రశ్నను గూర్చియే నేనిచట కొంత వ్రాయదలచితిని. అది దయగల ప్రశ్నవలె కనబడును. కాని సద్దుమణగుట యనగా నేమి? చచ్చినవారు సద్దు చేయరు. చంపినవారికి సద్దుతో పనిలేదు. ఇక మణగవలసిన సద్దు బ్రతికి బయటపడినవారిదే కదా!

మాది విస్సన్నపేట. తిరువూరు ప్రాంతమున మామిడితోటల నడుమనున్న యూరు; మొన్నటిదాక కృష్ణాజిల్లాలోనిది, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఇచటికి చీరాలయు దూరమే, తెనాలియు దూరమే. పోలండు దేశము మాట చెప్పనక్కరలేదు. అయినను ఈ మూడుచోట్లను నేనొక్కటిగా తలపోయుటకు నా యుపాధ్యాయ వృత్తి కారణము. ఉన్నతపాఠశాలలో చరిత్ర చెప్పునప్పుడు హిట్లరు పాఠము 1945తో ముగియును. శిబిరముల తలుపులు తెరువబడును, యుద్ధము ముగియును, దానితో పాఠమును ముగియును. ఒక సంవత్సరము తొమ్మిదవ తరగతిలో నొక బాలిక లేచి, "తలుపులు తీశాక వాళ్లెక్కడికి వెళ్లారు టీచర్?" అని యడిగినది. "ఇంటికి" అనుట సులభము. అది నిజము కాదు గనుక ఆ గంటయంతయు, మరునాటి గంటయు ఆ ప్రశ్నకే సరిపోయెను.

ఆ బాలికకు చెప్పినదానిని ఇచట కొంత విస్తరించి చెప్పెదను. 1945 జనవరి 27వ తేదీన రష్యాసైన్యము ఆష్విట్జు శిబిరమును ప్రవేశించునప్పటికి అచట మిగిలియున్నవారు సుమారు 7,000 మంది. నడువగలవారిని అంతకుముందే జర్మనులు మంచులో నడిపించుకొని పోయిరి. ఏప్రిలు 15న ఆంగ్లసైన్యము బెర్గెన్-బెల్సెన్ చేరెను. చేరిన పిమ్మట సయితము అచట 13,000 మందికి పైగా జ్వరముచేతను క్షీణతచేతను మరణించిరి. ఐరోపాలోని యూదులలో సుమారు 60 లక్షలమంది హతులైరి. బ్రతికినవారిని ఏమిచేయవలెనో యుద్ధము గెలిచినవారికి తెలియలేదు. వారి లెక్క ప్రకారము పోలండు యూదుడు పోలండువాడు, హంగరీ యూదుడు హంగరీవాడు. ఎవరి దేశమునకు వారిని రైలెక్కించుటయే తమ విధి యనుకొనిరి. అందాక వారిని అనేకచోట్ల ముండ్లకంచెల నడుమనే యుంచిరి. కొందరికి పాత ఖైదుబట్టలే దిక్కయ్యెను. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పంపగా వచ్చి చూచిన హారిసన్ అను న్యాయశాస్త్రాచార్యుడు 1945 ఆగస్టులో సమర్పించిన నివేదికలో ఈ సంగతిని దాచలేదు. ఆ తరువాతనే యూదులకు వేరుశిబిరములును కొంత మంచి తిండియు నేర్పడెను.

కొందరు ఇంటికి పోయి చూచిరి. ఇల్లున్నది, అందులో ఇంకొకరి పొయ్యి వెలుగుచున్నది. తలుపు తీసినవారి ముఖమున తరచుగా కనబడినది సంతోషము కాదు, "వీరింకను బ్రతికియే యున్నారా" యను కలవరము. 1946 జులై 4న పోలండులోని కీల్ట్సే పట్టణమున, యూదులు ఒక బాలుని పట్టి దాచిరని పుకారు పుట్టినది. ఆ బాలుడు నిజమునకు ఇంట చెప్పకుండ ఒక పల్లెకు పోయి తిరిగివచ్చినవాడు. అయినను పుకారు చాలినది. 42 మంది యూదులు హతులైరి. శాంతి నెలకొల్పవచ్చిన పోలీసులును సైనికులును ఆ గుంపులో చేరిరి. హిట్లరు చచ్చి అప్పటికి ఏడాది దాటినదని పాఠకులు గమనింపవలెను. ఆ వేసవి మొదలుకొని పోలండు యూదులు పదులవేలుగా ఊళ్లు విడిచి, వింతయైనను నిజము, జర్మనీకే పోయిరి. అమెరికా సైన్యము పాలించు ప్రాంతములోని శిబిరములకు చేరిరి. 1947 నాటికి జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ దేశములలో సుమారు రెండున్నర లక్షలమంది యూదులు "తిరిగి పోము" అని కూర్చుండిరి. తమకు వారు పెట్టుకొన్న పేరు 'శేషించినవారు' అనునది. అది వారి ప్రాచీన గ్రంథములోని మాట.

కూర్చుండిరంటినేగాని వారు ఊరకుండలేదు. శిబిరములలో బడులు పెట్టిరి, పత్రికలు వెలువరించిరి, వివాహములు చేసికొనిరి. భార్యను బిడ్డలను పోగొట్టుకొన్నవాడు భర్తను బిడ్డలను పోగొట్టుకొన్న దానిని పెండ్లాడెను, ఉయ్యాలలు నిండెను. అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచునది వారి వ్రాతపని. 1944 ఆగస్టులోనే, యుద్ధమింకను సాగుచుండగనే, లుబ్లిను పట్టణమున కొందరు చేరి బ్రతికినవారి వాఙ్మూలములు వ్రాసికొనుట కారంభించిరి. 1945 డిసెంబరులో మ్యూనిక్ నగరమున మరియొక సంఘ మేర్పడి రెండువేలకు పైగా వాఙ్మూలములు చేర్చినది. ప్రశ్నావళులతో శిబిరము శిబిరమునకు తిరిగిరి. పిల్లలచేత సయితము వ్రాయించిరి. వీరిలో చరిత్రపండితులు బహుకొద్దిమంది. ఈ పని చేయుడని వారికెవ్వరును చెప్పలేదు. అదే కాలమున న్యూరెంబర్గులో జరిగిన గొప్ప విచారణ ముఖ్యముగా జర్మనుల కాగితములమీద నడచినది. బాధపడినవారి నోటిమాటకు అచట చోటు కొంచెమే. లోకము సద్దుమణగుటకై ఎదురుచూచుచుండగా వారు సద్దును కాగితముమీద పెట్టి భద్రపరచిరి.

ఇది విన్న తరగతిలో పిల్లలు నిశ్శబ్దముగ నుండిరి. నాకు మాత్రము ఆ గంట చెప్పునంతసేపు మనస్సున మెదలినది పోలండు కాదు, చీరాల. బ్రతికినవారు "తిరిగి పోము" అనుటను నా జీవితమున మొదటిసారి విన్నది 1985లో, మన జిల్లాలకు సమీపముననే. ఇట ఒకమాట ముందుగ చెప్పవలెను. ఆరుగురి మరణమును అరువది లక్షల మరణముతో తూచుట నా యుద్దేశము కాదు. ఒక రాజ్యము తన రైళ్లతో, గుమాస్తాలతో, రసాయనములతో ఒక జాతినే రూపుమాపబూనుట వేరు. ఒక యూరి బలవంతులు ఒక పల్లెపై పడుట వేరు. నేను ప్రక్కప్రక్కన పెట్టునది చావులను కాదు. చావుల పిమ్మట బ్రతికినవారికి పెద్దమనుష్యులు చెప్పిన మాటను, దానికి వారిచ్చిన జవాబును.

కారంచేడు అప్పటి ప్రకాశం జిల్లాలో సంపన్నమైన గ్రామము. 1985 జులై 16న మాదిగపల్లెవారు త్రాగునీరు ముంచుకొను చెరువునొద్ద కమ్మవారి యువకుడొకడు గేదెల కుడితిబాల్చీలు కడుగగా ఒక మాదిగ బాలుడు కాదనెను. వానిని కొట్టబోగా నీటికి వచ్చిన యొక స్త్రీ అడ్డుపడి, తనమీదికి వచ్చిన దెబ్బకు బిందె నెత్తెను. మరునాటి ఉదయము ఆ యూరి కమ్మ భూస్వాముల గుంపు కత్తులతో, గొడ్డళ్లతో, బల్లెములతో పల్లెపై పడినది. పొలములలో తరిమి తరిమి ఆరుగురు పురుషులను చంపిరి, స్త్రీలను చెరిచిరి. ప్రాణములు మిగిలినవారు చీరాలకు పరుగెత్తి ఒక చర్చి ఆవరణమున తలదాచుకొనిరి. మూలకారణము బిందెడు మంచినీరని తలచుకొన్నప్పుడు, కందుకూరివారి నాటినుండి మనము చేసికొన్న సంస్కరణములు ఏ వీథిదాక వచ్చి ఆగినవో నాకు స్పష్టముగ కనబడును.

ఆ దినములలో మా యింట దీనిని గూర్చి చాల మాటలు జరిగెను. మా మామగారు సాధుస్వభావులు. వితంతువివాహములకు దగ్గరనుండి తోడ్పడినవారు. హత్యలను విని రెండుపూటలు సరిగా భుజింపలేదు. అట్టివారే నాలుగవనాడు నాతో, "పుట్టిన ఊరు వదిలి ఎక్కడ బతుకుతారమ్మా వాళ్లు? నలుగురు పెద్దలు కూర్చుని సర్దిచెప్పి తీసుకురావాలి గాని" అనిరి. ఆ మాటలో ద్వేషము లేశమును లేదు. పశువుల కొట్టము శుభ్రపరుపవచ్చెడి వృద్ధురాలు దానిని విన్నది కాబోలు, పని ముగించుకొని నాదగ్గర దొడ్డిగుమ్మమున నిలిచి మెల్లగ, "ఊరొదిలి పోయారంటన్నారు పెద్దయ్యగారు. ఊరు మీదమ్మా. మాది పల్లె. ఊళ్లోకి మమ్మల్నెప్పుడు రానిచ్చారు, ఒదిలి పోడానికి?" అనెను.

నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు భాషలో పాఠములు చెప్పితిని గాని, ఊరు, పల్లె అను రెండుమాటల నడుమ ఇంత దూరమున్నదని ఏ నిఘంటువును నాకంత సూటిగ చెప్పలేదు. మనము 'ఊరంతయు సద్దుమణగినది' అనునప్పుడు ఆ ఊరిలో పల్లె చేరదు. 'ఊరి పెద్దలు సర్దిరి' అనునప్పుడును చేరదు. కీల్ట్సేలో యూదుల ఇల్లు అక్కడనే యుండెను, కారంచేడులో పల్లెవారి పాకలును అక్కడనే యుండెను. లేనిది వానిచుట్టు ఊరు.

ప్రభుత్వమువారు రక్షణ కల్పింతుము, తిరిగి పొండనిరి. కారంచేడు బాధితులు పోమనిరి. ఆ చర్చి ఆవరణములోని శిబిరమే వారి బడి, వారి సభ, వారి పత్రిక అయ్యెను. పొన్నూరున సంస్కృతోపన్యాసకుడైన కత్తి పద్మారావుగారు అచట చేరి పనిచేసిరి. కవియు న్యాయవాదియునగు బొజ్జా తారకంగారు హైకోర్టులో తమకున్న ప్రభుత్వపు ప్లీడరు పదవిని విడిచిరి. ఆ యేటనే దళిత మహాసభ పుట్టినది. బాధితులు కోరినది దయాధర్మము కాదు. చీరాలలో ఇండ్లస్థలములు, న్యాయస్థానమున శిక్ష. స్థలములు లభించినవి. చీరాలలో విజయనగర్ కాలనీ అను పేరుతో వారి క్రొత్తవాస మేర్పడినది. ఆ పేరులోని విజయము ఎంతటిదో నేను తూకము వేయజాలను; కాని దయదలచి పంపిన చోటికి పోక, తామే యెంచుకొన్న చోట నిలిచిరి.

చోటెంచుకొనుటలోని చిక్కును సయితము దాచరాదు. చీరాలలోని స్థలము ఇంకొకరి పొయ్యినార్పి తెచ్చినది కాదు. యూదుల విషయమున కథ అంత సరళము కాదు. 1947 జులైలో 'ఎక్సోడస్' అను ఓడలో పాలస్తీనాకు బయలుదేరిన 4,500 మందిని ఆంగ్లేయులు పట్టి, తుదకు సెప్టెంబరులో హాంబర్గు రేవునకే, అనగా జర్మనీకే తెచ్చి దించిరి. అది చూచి లోకమున అనేకుల మనస్సు కరగినది. నవంబరు 29న పాలస్తీనాను విభజింప ఐక్యరాజ్యసమితి తీర్మానించినది. భారతదేశము వ్యతిరేకముగ ఓటువేసినది. 1948లో ఇజ్రాయేలు ఏర్పడినది; ఆ యుద్ధమున సుమారు ఏడులక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఊళ్లు కోల్పోయిరి. వారిలో కొందరి యిండ్ల తాళపుచెవులు నేటికిని వారి మనుమలయొద్ద నున్నవి. ఐరోపా తన పాపమునకు తన నేలలో చోటీయక, ఇంకొకరి నేలను చూపినదని నా యభిప్రాయము. శేషించినవారి బాధ నిజమే, ఆ అరబ్బుల బాధయు నిజమే. ఒకదానిచేత రెండవది చెల్లిపోవునని వాదించువారితో నేను ఏకీభవింపను.

ప్రతీకారము మాటయు కొంత చెప్పవలెను. ఏలయన మనవారు బాధితులను చూచి భయపడునది దానికే. 1946 ఏప్రిలులో అబ్బా కోవ్నర్ అను కవి నాయకత్వమున ఏర్పడిన బృందమువారు న్యూరెంబర్గునొద్ద బందీలుగానున్న నాజీ సైనికుల రొట్టెలకు విషము పూసిరి. వందలకొలది మంది జబ్బుపడిరి, చచ్చినట్లు ఋజువులేదు. కారంచేడు కేసులో ప్రధాన నిందితుని 1989లో నక్సలైట్లు చంపిరి. రెంటిని గూర్చియు కథలు విస్తారముగ చెప్పుకొందురు. కాని రెండున్నర లక్షలమందిలో ఆ బృందము వారెందరు? యాభైమందో, ఇంకెవరో కొందరో. తక్కినవారందరు అడిగినది వాఙ్మూలము వినుడని మాత్రమే. చీరాల శిబిరమువారు అడిగినదియు అదియే.

విను చెవి దొరకుటకు పట్టిన కాలము చూడుడు. పోలండు యూదుడైన రఫాయేల్ లెమ్కిన్ అను న్యాయవాది తన బంధువులలో 49 మందిని పోగొట్టుకొనెను. జాతినిర్మూలనమను నేరమునకు 1944లో ఆయన పేరుపెట్టగా, 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దానిపై ఒడంబడిక నంగీకరించినది. భారతదేశము దానిని 1959లో స్థిరపరచినది. పేరు వచ్చినదేగాని బాధితుల గొంతు లోకము నిజముగ విన్నది 1961లో, జెరూసలేమున ఐక్మన్ విచారణలో నూరుమందికి పైగా సాక్షులు నిలిచినప్పుడే. యుద్ధము ముగిసి అప్పటికి పదునారేండ్లు. మన దేశమున కారంచేడువంటి ఘోరముల పిమ్మట 1989లో షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధపు చట్టము వచ్చినది. కారంచేడు కేసులో క్రిందికోర్టు శిక్షించినవారిని హైకోర్టు విడుదల చేయగా, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవమును, 29 మందికి మూడేసి యేండ్లును విధించినది. ఇరువదిమూడేండ్లు! సాక్షులలో ఎందరు ఆ తీర్పును వినిరో, ఎందరు వినకయే పోయిరో!

చుండూరు సంగతి చెప్పి ముగించెదను. తెనాలికి చేరువనున్న ఆ యూరిలో, సినిమాహాలులో ఒక దళిత యువకుని కాలు ముందువరుసలోని అగ్రకుల యువకునికి తగిలినదన్న తగవు వెలివేతగా మారి, 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితుల హత్యకు దారితీసినది. శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవైచిరి. ఊరిలో పోలీసులుండగనే ఇది జరిగినది. మిగిలినవారు తెనాలి చేరి, సాల్వేషన్ ఆర్మీవారి ఆవరణమున శిబిరము వేసిరి. రాజీమాటలు వీరికిని వచ్చినవి. వీరి జవాబు కారంచేడువారి జవాబునకు తిరుగుబాటువలె కనబడును గాని, నాకు రెండు నొక్కటిగనే తోచును. వీరు చచ్చినవారిని తమ ఊరిలోనే ఖననము చేసి, ఆ చోటునకు రక్తక్షేత్రమని పేరుపెట్టిరి. విచారణ దూరపు పట్టణమున కాదు, మా యూరిలోనే జరుగవలెనని పట్టుబట్టిరి. ఏండ్ల తరబడి అడుగగా ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే కూర్చుండినది. హత్యలు జరిగిన నేలమీద, తమ మాట వినుటకు వచ్చిన న్యాయాధికారి యెదుట, కూలికి పోవు స్త్రీలు నిలిచి సాక్ష్యము చెప్పిరి. అంతకుముందు ఆ యూరిలో వారి మాటకు కుర్చీ వేసినవారు లేరు.

2007 జులై 31న ఆ న్యాయస్థానము 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఒక్కొక్క సంవత్సరమును విధించినది. హత్యలకును తీర్పునకును నడుమ, ఐక్మన్ విచారణకువలెనే, పదునారేండ్లు. 2014 ఏప్రిలులో హైకోర్టు నేరము ఋజువు కాలేదని అందరిని విడుదల చేసినది. ఆ తీర్పు వచ్చిన వారమున మా ప్రాంతపు పెద్దమనుష్యు లొకరు నాతో, "ఇంకనైన ఆ ఊరు ప్రశాంతముగ నుండును లెండి" అనిరి. బాధితులు సుప్రీంకోర్టునకు పోయిరి. ఆగస్టు ఆరవ తేదీన రక్తక్షేత్రమునొద్ద కూడి, ఎనిమిది పేర్లను బిగ్గరగ చదువుకొనిరి.